మీకు తెలుసా? గీతను పట్టి ఉంచే గాజు తెర

విద్యుత్ సిగ్నల్‌ను గీతగా చూపే సీఆర్ఓ (క్యాథోడ్ రే ఆసిలోస్కోపు) తెర మీద పచ్చటి గీత పరుగులు తీయడం పాలిటెక్నిక్‌లోనో ఇంజినీరింగ్‌లోనో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసినవాళ్లందరికీ తెలుసు. సిగ్నల్ తెచ్చే ప్రోబు తీసేస్తే ఆ ఆకారం మాయం. అయితే ఒకే ఒక్కసారి మెరిసిన గీతను గంటసేపు తెర మీద నిలబెట్టే సీఆర్ఓలు 1950ల నుంచే ఉండేవని, వాటిలో మెమరీ చిప్పు అన్నదే లేదని తెలుసా? వాటిని అనలాగ్ స్టోరేజీ ఆసిలోస్కోపులు అంటారు. గీతను గుర్తు పెట్టుకునే పని తెరదే. ఆ తెర పక్కన స్టోర్, ఎరేజ్, ఎన్‌హాన్స్, పర్సిస్టెన్స్, సేవ్ అంటూ ఉండే నాబ్‌లు, బటన్‌లు కొత్తవాళ్లను తికమకపెట్టేవి. తెరే జ్ఞాపకం అన్న ఒక్క సంగతి పట్టుకుంటే వాటిలో ఏది ఎందుకుందో వరసగా తేటపడుతుంది.

రెండు గన్‌లు, రెండు పనులు

మామూలు సీఆర్ఓ గొట్టంలో ఎలక్ట్రాన్ గన్ ఒక్క రకమే. స్టోరేజీ గొట్టంలో రెండు రకాలు. గీత గీసేది రైటింగ్ గన్. వేల వోల్టుల మీద పనిచేస్తూ సన్నని పుంజాన్ని విసురుతుంది. రెండోది ఫ్లడ్ గన్. దానికి గురి అంటూ ఏమీ లేదు. నెమ్మదైన ఎలక్ట్రాన్లను తెర నిండా ఒకే తీరున, ఆగకుండా కుమ్మరిస్తూ ఉంటుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. తెర లోపల, ఎలక్ట్రాన్లు తగిలితే వెలిగే ఫాస్ఫర్ పూత ఉంటుంది. వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్ దానికి తగిలితే అక్కడినుంచి ఒకటికి మించి ఎలక్ట్రాన్లు ఎగిరిపోతాయి. వచ్చింది ఒకటి, పోయినవి రెండు మూడు. కాబట్టి ఆ చోటు ధనావేశంలోకి వెళుతుంది. నెమ్మదిగా వచ్చినదానికి అంత ఊపు ఉండదు. వచ్చిందల్లా అక్కడే ఉండిపోతుంది, ఆ చోటు రుణావేశం వైపు దిగుతుంది. రైటింగ్ పుంజం గీసినచోట వోల్టేజి పెరిగి ఉంటుంది గనుక ఫ్లడ్ ఎలక్ట్రాన్లు అటు వేగం పుంజుకుని గట్టిగా తగులుతాయి. ఆ దెబ్బకు ఫాస్ఫర్ వెలుగుతుంది, అక్కడినుంచి మరిన్ని ఎలక్ట్రాన్లు ఊడిపోయి వోల్టేజి పైనే నిలుస్తుంది. గీయనిచోట అవే ఫ్లడ్ ఎలక్ట్రాన్లు నింపాదిగా వచ్చి పడి వోల్టేజిని కిందే ఉంచుతాయి. పెంకుటింటి కొప్పు మీద పడ్డ చినుకు ఇటో అటో జారాల్సిందే తప్ప నడుమ నిలవదు. తెర మీది ప్రతి చుక్కకూ అదే గతి. వెలగాలి, లేదా ఆరి ఉండాలి. ఈ పద్ధతికే బైస్టేబుల్ స్టోరేజీ అని పేరు.

ఒకే ఫ్లడ్ గన్ వెలుగునూ కాపాడుతుంది, చీకటినీ కాపాడుతుంది. దాన్ని నడిపే కంప్యూటరేమీ లేదు, గాజు మీద పూసిన పూత, దాని మీద పడే ఎలక్ట్రాన్లు తప్ప. ఎలక్ట్రానిక్స్ చరిత్రలో ఇంత ముచ్చటైన ఆలోచనలు చాలా కొద్ది అని నేను నమ్ముతాను.

ఎవరి బుర్రలో పుట్టింది?

అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో ఆండ్రూ హేఫ్ 1947లోనే ఇలాంటి మెమరీ గొట్టాన్ని లోకానికి చూపించారు. తర్వాత ఆయన హ్యూస్ ఎయిర్‌క్రాఫ్ట్‌కు వెళ్లారు. 1950లలో ఆ కంపెనీ మెమోస్కోప్ పేరుతో స్టోరేజీ సీఆర్ఓలు అమ్మింది. వాటి గొట్టాల్లో ఆవేశాన్ని దాచడానికి సన్నని లోహపు జాలీ ఉండేది. చేయడం కష్టం, ఖర్చూ ఎక్కువే. ఆరెగాన్ రాష్ట్రంలో ఉన్న టెక్ట్రానిక్స్ కంపెనీ ఇంజినీరు రాబర్ట్ ఆండర్సన్ ఆ జాలీనే తీసేశారు. వెలిగే ఫాస్ఫరే ఆవేశాన్ని కూడా దాచుకునేలా గొట్టం రూపొందించారు. 1963లో వచ్చిన టెక్ట్రానిక్స్ 564 ఆ గొట్టంతో తయారైందే. స్టోరేజీ సీఆర్ఓ పెద్ద సంఖ్యలో ల్యాబులకు చేరడం దానితోనే మొదలైంది.

స్టోర్ నొక్కగానే తెర పాలిపోతే

స్టోర్ బటన్ నొక్కిన మరుక్షణం నల్లటి తెర మొత్తం లేత ఆకుపచ్చగా మారుతుంది. యంత్రం చెడిపోలేదు. ఫ్లడ్ గన్‌లు మేలుకున్నాయని దానర్థం. గీయని చోట్ల కూడా కాస్తో కూస్తో వెలుగు ఉంటుంది. అందుకే బైస్టేబుల్ తెర మీద గీతకూ నేపథ్యానికీ మధ్య తేడా తక్కువ, గదిలో లైట్లు తగ్గిస్తే చూపుకు హాయి.

కొత్తవాళ్ల చేయి ఇక్కడే తప్పు నాబ్ మీదికి వెళుతుంది. గీత మసగ్గా ఉందని ఇంటెన్సిటీ పెంచేస్తారు. ఇంటెన్సిటీ నాబ్ అజమాయిషీ రైటింగ్ గన్ మీదే. ఒకసారి నిలిచిపోయిన గీతను వెలిగించేది ఫ్లడ్ గన్. నాబ్ ఎంత తిప్పినా పాత గీత కాంతి పెరగదు. పెరిగేదల్లా తర్వాత గీయబోయే గీత మందం, దానితోపాటు పూత కాలిపోయే ప్రమాదం.

ఎంత వెలుతురు చాలు?

చేయి తిరిగినవాళ్ల పద్ధతి ఇది. ముందు నాన్‌స్టోర్‌లో, అంటే మామూలు సీఆర్ఓలా నడుపుతూ గీతను తెర మధ్యకు తెచ్చుకోవాలి. ఫోకస్, అస్టిగ్మాటిజం సరిచేసి గీతను వీలైనంత సన్నం చేసుకోవాలి. తర్వాత ఇంటెన్సిటీని బాగా కిందికి దించి స్టోర్ నొక్కాలి, ఎరేజ్ నొక్కి తెర శుభ్రం చేయాలి. అప్పుడు ఒక్కో స్వీపుకూ (పుంజం తెర ఎడమ నుంచి కుడికి ఒకసారి పోవడమే స్వీపు) ఇంటెన్సిటీని కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి. ఒక దశలో గీత ముక్కలుముక్కలుగా నిలవడం మొదలవుతుంది. ఇంకొంచెం పెంచితే తెగకుండా ఒక్క గీతగా నిలుస్తుంది. అక్కడే ఆపాలి. అంతకు మించి పెంచితే గీత పక్కలకు పాకి ఒత్తుగా తయారవుతుంది. ఆ మందంలో అసలు చూడాల్సిన చిన్న చిన్న మెలికలు మునిగిపోతాయి.

ఇంత జాగ్రత్త దేనికంటే, స్టోరేజీ తెర మామూలు తెర కంటే సుకుమారం. ఒకేచోట ఆగిన చుక్క, ఎక్కువ ఇంటెన్సిటీతో కలిస్తే, ఆ భాగం దాచుకునే గుణాన్ని శాశ్వతంగా పోగొట్టుకోవచ్చు. ఒకే బొమ్మను గంటల తరబడి నిలిపినా దాని నీడ తెర మీద మిగిలిపోతుంది. పని అయిపోగానే ఎరేజ్ చేసి నాన్‌స్టోర్‌కు మార్చే అలవాటు గొట్టం ఆయుష్షు పెంచుతుంది.

ఎరేజ్ నొక్కితే మెరుపెందుకు?

తుడిచేటప్పుడు తెర చీకటి అవ్వాలి కదా? బైస్టేబుల్ తెర ముందు భగ్గున పచ్చగా వెలుగుతుంది, ఆ తర్వాతే చీకటి అవుతుంది. ఎరేజ్ నొక్కగానే సర్క్యూటు తెర మొత్తం వోల్టేజిని ఒక్కసారి పైకి లేపుతుంది. అంటే ప్రతి చుక్కనూ రాసేసినట్టు చేస్తుంది. ఎక్కువతక్కువలు లేకుండా అంతా ఒకే స్థితికి వచ్చాక, అన్నింటినీ కలిపి కిందికి దించేస్తుంది. అక్కడినుంచి కొత్త గీతకు సిద్ధంగా ఉండే స్థాయికి మెల్లగా తెస్తుంది. ఇదంతా సెకనులోపే అయిపోతుంది. ముందు అంతా సమం చేయకుండా నేరుగా దించితే పాత గీత జాడ మిగిలిపోతుంది.

ఈ మెరుపును ఆసిలోస్కోపు ముట్టని వాళ్లు కూడా చాలామంది చూశారు. 1972లో వచ్చిన టెక్ట్రానిక్స్ 4010 కంప్యూటర్ టెర్మినల్‌లో ఉన్నది ఇదే జాతి గొట్టం. కంప్యూటర్ మెమరీ బంగారంలా ఉన్న రోజుల్లో తెర మీది బొమ్మను దాచడానికి వేరే మెమరీ అవసరం లేకపోవడం పెద్ద వరం. ఇంజినీర్లు దాని మీద గ్రాఫులు, నమూనాలు గీసుకునేవారు. చిక్కల్లా ఒక్కటే. గీసినదాంట్లో ఒక్క గీత తీసేయాలన్నా తెరంతా ఎరేజ్ చేయాలి, పచ్చటి మెరుపు చూడాలి, మిగతా బొమ్మంతా మళ్లీ గీయించుకోవాలి.

మరి బొమ్మ చెరగకుండా దాని మీద గురి చూపే గుర్తును అటూఇటూ ఎలా కదిపేవారు? పుంజాన్ని నిలిచే స్థాయి కంటే తక్కువ బలంతో పంపేవారు. కంటికి కనిపిస్తుంది, తెరకు అంటదు. ఇంటెన్సిటీ నాబ్ దగ్గర చెప్పుకున్న హద్దునే ఇక్కడ మరో రకంగా వాడుకున్నారు.

పైన ఒకటి, కింద ఒకటి

564 లాంటి బైస్టేబుల్ సీఆర్ఓల్లో తెర రెండు సగాలు. పై సగానికి ఒక స్టోర్, ఒక ఎరేజ్. కింది సగానికి వేరే జత. మంచిగా ఉన్న బోర్డు సిగ్నల్‌ను పై సగంలో నిలిపి, చెడిపోయిన బోర్డు సిగ్నల్‌ను కింద గీయించి, నచ్చినన్ని సార్లు కిందిది మాత్రమే తుడుచుకుంటూ పోల్చుకోవచ్చు. రిపేరు పనికి ఇంతకంటే అనువైన ఏర్పాటు అప్పట్లో లేదు.

రిలే ఎన్నిసార్లు కొట్టుకుంటుంది?

రిలే అంటే కరెంటుతో కదిలే స్విచ్చు. దాని కాంటాక్టులు ఒక్క దెబ్బకు అతుక్కోవు. తగిలి, ఎగిరి, మళ్లీ తగిలి కొన్ని మిల్లీసెకన్లకు గానీ కుదురుకోవు. కంటికి కనపడదు, చెవికి ఒక్క టిక్కుమన్న చప్పుడే. స్టోరేజీ సీఆర్ఓ గొప్పతనం తెలియాలంటే ఈ ప్రయోగం చూడాలి.

5 వోల్టుల సప్లయ్ నుంచి ఒక రెసిస్టరు, దాని వెనక రిలే కాంటాక్టు, దాని రెండో కొస గ్రౌండుకు. రెసిస్టరూ కాంటాక్టూ కలిసేచోట ప్రోబు. కాంటాక్టు తెరిచి ఉంటే 5 వోల్టులు, మూసుకుంటే సున్నా. గడికి 1 మిల్లీసెకను పెట్టుకుంటే అడ్డంగా ఉన్న 10 గడుల్లో 10 మిల్లీసెకన్లు పడతాయి. స్వీపు ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గరును ఆటోలో ఉంచకూడదు. సిగ్నల్ రాకపోయినా ఆటో స్వీపును తోస్తూనే ఉంటుంది, తెర మీద పనికిరాని అడ్డగీతలు పేరుకుంటాయి. నార్మల్‌కు మార్చి, స్లోపు దిగే వైపుకు పెట్టి, లెవెల్‌ను 5కూ సున్నాకూ నడుమ ఉంచాలి. తర్వాత సింగిల్ స్వీప్. స్టోర్ నొక్కాలి, ఎరేజ్ నొక్కాలి, మెరుపు తగ్గాక రీసెట్ నొక్కాలి. రెడీ దీపం వెలుగుతుంది. యంత్రం ఇక కాచుకుని కూర్చుంటుంది, గంటైనా సరే.

రిలేకు కరెంటు ఇవ్వగానే టిక్కుమంటుంది, రెడీ దీపం ఆరిపోతుంది, తెర మీద బొమ్మ నిలిచి ఉంటుంది. ఎడమ చివర దిగుడు, ఆ తర్వాత పైకీ కిందికీ ఎగుడుదిగుడుగా కొన్ని దెబ్బలు, చివరికి సున్నా దగ్గర తిన్నగా సాగిన గీత. దగ్గరికి వంగి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. పైన ఉన్న అడ్డముక్కలూ కింద ఉన్న అడ్డముక్కలూ స్పష్టంగా ఉంటాయి. వాటిని కలపాల్సిన నిలువు గీతలు మాత్రం మాయం. ముక్కలు గాల్లో తేలుతున్నట్టు ఉంటాయి. సిగ్నల్‌లో లోపమేమీ లేదు. పైనుంచి కిందికి దూకేటప్పుడు పుంజం ఏ చుక్క దగ్గరా చాలినంత సేపు ఆగలేదు, అందుకే అక్కడ గీత నిలవలేదు.

ఆ దెబ్బలు ఎంతసేపు సాగాయో తెలిస్తేనే మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాములో స్విచ్చును చదవడానికి ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో తేలుతుంది.

కనిపించిందల్లా నిలవదు

ఆ మాయమైన నిలువు గీతలే స్టోరేజీ సీఆర్ఓ కొలతల్లో అతి ముఖ్యమైనదాన్ని పట్టిస్తాయి. అది రాసే వేగం. మైక్రోసెకనుకు ఎన్ని సెంటీమీటర్ల వేగం దాకా గీత నిలుస్తుంది అన్నది దానితో చెబుతారు. యంత్రం బ్యాండ్‌విడ్త్, అంటే అది చూపగల అత్యధిక ఫ్రీక్వెన్సీ, వేరు. రాసే వేగం వేరు. బ్యాండ్‌విడ్త్ చూసి కొని, ఒక్కసారి వచ్చే వేగమైన సిగ్నల్ నిలవకపోతే గొట్టాన్ని తప్పుపట్టి లాభం లేదు.

లెక్క చిన్నదే. సైన్ అల సున్నా గీతను దాటేచోట పుంజం వేగం అత్యధికం. ఆ వేగం రావాలంటే అల పూర్తి ఎత్తును ఫ్రీక్వెన్సీతో, దాన్ని 3.14తో హెచ్చించాలి. తెర మీద 4 సెంటీమీటర్ల ఎత్తున్న 1 మెగాహెర్ట్జ్ అల మైక్రోసెకనుకు దాదాపు 12.5 సెంటీమీటర్ల వేగంతో గీస్తుంది. తెర అంత వేగాన్ని పట్టలేకపోతే వోల్ట్స్/డివిజన్ నాబ్‌ను మార్చి అలను 2 సెంటీమీటర్లకు కుదించండి. వేగమూ సగానికి, 6.3కు దిగుతుంది. పోయిందనుకున్న గీత చాలాసార్లు అలా నిలుస్తుంది. ఇంటెన్సిటీ పెంచే ముందు ఈ మార్గం చూడాలి. గొట్టానికి హాని లేదు, ఖర్చూ లేదు.

కొన్ని మోడళ్లలో రిడ్యూస్డ్ స్కాన్ అనే ఏర్పాటు ఉండేది. తెరలో చిన్న భాగం మీదే, చిన్న గడులతో గీయించి రాసే వేగాన్ని పెంచుకునేవారు.

ఎన్‌హాన్స్, ఇంటిగ్రేట్: పేర్లు పక్కపక్కన, పనులు వేరు

ఎన్‌హాన్స్ ఒక్కసారే వచ్చే సిగ్నల్ కోసం. పుంజం వేగంగా పోయినచోట ఆవేశం కొంత చేరింది గానీ హద్దు దాటలేదు. స్వీపుకు జోడుగా తెర వోల్టేజికి ఒక చిన్న ఎగదోపు ఇస్తే హద్దు అంచున ఆగిన చుక్కలు దాటేస్తాయి. గీత నిలుస్తుంది. ఎగదోపు ఎక్కువైతే ఏమీ గీయనిచోట్ల కూడా తెర వెలుగుతుంది, గీత చుట్టూ పొగమంచు కమ్ముతుంది. ఎంత ఇవ్వాలో నాబ్ మీద చేయి పెట్టి చూసుకోవాల్సిందే.

ఇంటిగ్రేట్ పదేపదే వచ్చే మసక సిగ్నల్ కోసం. ఆ బటన్ నొక్కి ఉంచినంతసేపూ ఫ్లడ్ గన్‌లు ఆగిపోతాయి. కిందికి లాగే ఫ్లడ్ లేదు కాబట్టి ఒక్కో స్వీపు తెచ్చిన కొంచెం కొంచెం ఆవేశం అదే చోట పోగవుతుంది. వదలగానే ఫ్లడ్ మళ్లీ వస్తుంది, పోగైన గీత ఒక్కసారిగా పైకి తేలుతుంది. సిగ్నల్ ప్రతిసారీ అదే దారిలో పోవాలి, అటూఇటూ వణికితే మాత్రం ముద్దయిపోతుంది.

స్టోర్ బటన్ లేని కాలంలో

స్టోరేజీ లేని రోజుల్లో సిగ్నల్‌ను కాసేపు నిలపడానికి ముఖ్యమైన దారులు రెండు. ఒకటి నిదానంగా ఆరే ఫాస్ఫర్. పీ7 అనే పూతలో రెండు పొరలుండేవి. పుంజం తగలగానే నీలంగా మెరిసి, ఆ తర్వాత పసుపు వన్నెలో మెల్లగా ఆరిపోయేది. రాడార్ తెరల మీద ఆ పసుపు తోకే విమానం ఎటు పోతోందో చెప్పేది. రెండోది పోలరాయిడ్ కెమెరా. తెరకు అడ్డంగా బిగించి, షట్టర్ తెరిచి ఉంచి, స్వీపు నడిపించి, ఫిల్ము లాగి చూసుకోవాలి. గురి తప్పితే ఆ ఫిల్ము వృథా. స్టోరేజీ తెర వచ్చాక ముందు కళ్లారా చూసుకుని, బాగుందనుకుంటేనే ఫొటో తీసేవారు.

ఆరే వేగం మీ చేతిలో

బైస్టేబుల్‌కు వెలుగు, చీకటి రెండే తెలుసు. నడిమి ఛాయలు కావాలంటే పాత జాలీని మళ్లీ తేవాల్సి వచ్చింది. 1960లలోనే హ్యూలెట్ ప్యాకర్డ్ 141ఏ వంటి యంత్రాల్లో వేరియబుల్ పర్సిస్టెన్స్ తెచ్చింది. ఫాస్ఫర్‌కు ముందు అతి సన్నని లోహపు జాలీ, దాని మీద ఆవేశాన్ని పోనివ్వని పూత. గీయనిచోట పూత రుణావేశంలో ఉండి ఫ్లడ్ ఎలక్ట్రాన్లను ఆపేస్తుంది. రైటింగ్ పుంజం గీసినచోట ఆ అడ్డు పలచబడి, ఎలక్ట్రాన్లు జాలీ దాటి ఫాస్ఫర్‌ను చేరతాయి. ఎంత గట్టిగా రాస్తే అంత వెలుగు. నేపథ్యం నల్లగా, గీత కాంతివంతంగా, మధ్యలో ఛాయలు.

పర్సిస్టెన్స్ నాబ్ ఇందులో ఏం చేస్తుందంటే, జాలీకి వరసగా చిన్న పల్సులు పంపుతుంది. ఒక్కో పల్సుకు రాసిన ఆవేశం రవ్వంత చెరుగుతుంది. నాబ్ తిప్పితే పల్సు వెడల్పు మారుతుంది. వెడల్పైతే గీత వెంటనే ఆరుతుంది, సన్నమైతే చాలాసేపు ఉంటుంది. గుండె కొట్టుకునే తీరు లాంటి నిదానమైన సిగ్నల్‌ను చూసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. చుక్క కుడి అంచుకు చేరేసరికి ఎడమ వైపున పాత గీత సరిగ్గా ఆరిపోయేలా నాబ్ కుదిర్చితే, తెర నిండా ఎప్పుడూ ఒకే ఒక్క తాజా బొమ్మ ఉంటుంది. తక్కువైతే గీత తోక తెగుతుంది. ఎక్కువైతే పాతవీ కొత్తవీ ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడతాయి. స్వీపు వేగం మార్చినప్పుడల్లా పర్సిస్టెన్స్‌నూ సరిచేసుకోవాలి.

ఎప్పుడో ఒకసారి వచ్చే తేడాను పట్టడానికీ ఇదే ఉపాయం. పర్సిస్టెన్స్ పెంచి వదిలేస్తే మామూలు అలలు ఒకదాని మీద ఒకటి పడి ప్రకాశంగా కనిపిస్తాయి, దారి తప్పిన ఒక్క అల పక్కన పలచగా మిగిలి ఉంటుంది.

సిగ్నల్‌లో ఏ ఏ ఫ్రీక్వెన్సీలున్నాయో చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్లకు ఇది తప్పనిసరి అయింది. సన్నని ఫిల్టరుతో వెతకాలంటే స్వీపును బాగా నిదానంగా నడపాలి, అలా నడిపితే మామూలు తెర మీద కనిపించేది కదిలే చుక్క ఒక్కటే. హ్యూలెట్ ప్యాకర్డ్ 141టీ స్టోరేజీ యూనిట్ మైక్రోవేవ్ ల్యాబుల్లో పేరు తెచ్చుకుంది ఈ అవసరం వల్లే.

సేవ్ నొక్కితే ఎందుకు మసకబారుతుంది?

జాలీ గొట్టంలో దాచిన బొమ్మ ఎప్పటికీ ఉండదు. గొట్టంలో మిగిలిన కొద్దిపాటి వాయువును ఫ్లడ్ ఎలక్ట్రాన్లు తాకి ధన అయాన్లను పుట్టిస్తాయి. అవి వెళ్లి రుణావేశంలో ఉన్న జాలీ పూత మీద వాలతాయి. నిమిషాలు గడిచేకొద్దీ అడ్డు పలచబడి తెరంతా తెల్లవారినట్టు వెలుగు పాకుతుంది. గీత ఆరిపోదు, చుట్టూ పెరిగిన వెలుగులో మునిగిపోతుంది. సేవ్ బటన్ కొత్త స్వీపులు రాయకుండా అడ్డుకుంటుంది, ఫ్లడ్‌ను తగ్గిస్తుంది. అయాన్లు తగ్గుతాయి కాబట్టి బొమ్మ ఆయుష్షు పెరుగుతుంది, ఫ్లడ్ తగ్గింది కాబట్టి కాంతీ తగ్గుతుంది. మసగ్గా ఉందని కంగారుపడనక్కర్లేదు, కొలత తీసుకునేటప్పుడు మాత్రం పూర్తి వెలుగులోకి తెచ్చుకుంటే చాలు.

వేగమైన సిగ్నల్ పట్టే జాలీ ఎక్కువసేపు దాచలేదు, ఎక్కువసేపు దాచే జాలీ వేగాన్ని పట్టలేదు. టెక్ట్రానిక్స్ 466, 7834 మోడళ్లలో రెండు జాలీలూ పెట్టేశారు. మొదటిది పట్టుకుంటుంది, వెంటనే రెండోదానికి అందిస్తుంది. దీన్ని ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్ అన్నారు.

గీత కనిపించకపోతే

బీమ్ ఫైండర్ నొక్కితే తెర బయటికి పోయిన గీత ఎటు పోయిందో తెలుస్తుంది. అడ్డంగా, నిలువుగా రెండు వైపులా కుదించి గీతను తెర లోపలికి లాక్కొస్తుంది. స్టోరేజీ యంత్రంలో ఈ పని నాన్‌స్టోర్‌లోనే చేసుకోవాలి. లేదంటే వెతికిన గుర్తులన్నీ తెర మీద నిలిచిపోతాయి. కొన్ని పాత టెక్ట్రానిక్స్ యంత్రాల్లో దీనికోసమే లొకేట్ బటన్ ఉండేది. నొక్కితే చుక్క తెర ఎడమ అంచున, స్టోరేజీ లేని చిన్న పట్టీలోకి వెళ్లి నిలబడుతుంది. నిలువు స్థానం అక్కడ చూసుకుని వదలవచ్చు, దాచిన బొమ్మకు చుక్క కూడా అంటదు.

ట్రేస్ రొటేషన్ అని స్క్రూడ్రైవరుతో తిప్పే చిన్న రంధ్రం చూసి ఉంటారు. సీఆర్ఓను ఒక బల్ల మీదినుంచి ఇంకో బల్ల మీదికి మార్చి, దిక్కు తిప్పి పెడితే అడ్డగీత కొంచెం ఒరుగుతుంది. భూమి అయస్కాంత శక్తి ఎలక్ట్రాన్ పుంజాన్ని లాగడమే కారణం. ఆ స్క్రూ తిప్పితే గొట్టం చుట్టూ ఉన్న తీగచుట్టలో కరెంటు మారి గీత మళ్లీ తిన్నగా వస్తుంది.

మాంచెస్టర్‌లో పాత బంధువు

తెర మీద ఆవేశాన్ని దాచడం కంప్యూటర్ చరిత్రలోనూ ఉంది. ఫ్రెడ్డీ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో మామూలు సీఆర్ గొట్టాన్నే కంప్యూటర్ మెమరీగా వాడారు. 1948 జూన్ 21న అక్కడి బేబీ అనే కంప్యూటర్ తన మెమరీలో దాచుకున్న ప్రోగ్రామును నడిపింది. ఒక్కోటి 32 బిట్ల 32 పదాలు, అంతే దాని మెమరీ. దాంట్లో ఫ్లడ్ గన్ లేదు కాబట్టి ఆవేశం వెంటవెంటనే కారిపోయేది. పుంజం వరసగా చదువుతూ మళ్లీ మళ్లీ రాస్తూ ఉండాల్సి వచ్చేది.

డిజిటల్ వచ్చాక

1980లలో డిజిటల్ స్టోరేజీ సీఆర్ఓలు చౌక అవుతూ వచ్చాయి, జాలీ గొట్టాల కాలం ముగిసింది. డిజిటల్‌కు ఎదురులేని బలం ఒకటుంది. ట్రిగ్గరుకు ముందు ఏం జరిగిందో కూడా చూపిస్తుంది. అనలాగ్ తెర రాయడం మొదలుపెట్టేదే ట్రిగ్గరు తర్వాత. అంతకు ముందుది పోయినట్టే. ఫ్యూజు పోయాక కాకుండా పోయే ముందు వోల్టేజి ఎలా ఉందో కావాలంటే డిజిటల్‌కు సాటి లేదు.

అనలాగ్ తెర చేయని తప్పు కూడా ఒకటుంది. సిగ్నల్‌ను ఆగి ఆగి కొలుస్తూ సెకనుకు 1,00,000 శాంపిళ్లు తీసే డిజిటల్ యంత్రానికి 101 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఇస్తే తెర మీద శుభ్రమైన 1 కిలోహెర్ట్జ్ అల కనిపిస్తుంది. చూసినవాడు నమ్మేస్తాడు. ఎలక్ట్రాన్ పుంజం శాంపిళ్లు తీయదు, సిగ్నల్ వెంటే పోతుంది. పట్టలేకపోతే గీత నిలవదు, అంతే తప్ప లేనిదాన్ని చూపదు. కొలతల పనిలో ఉన్న ఎవరికైనా ఆ నిజాయితీ విలువ తెలుసు. డిజిటల్ సీఆర్ఓ మెనూలో ఈనాటికీ పర్సిస్టెన్స్ అనే పేరు కనిపిస్తుంది. మెరిసే గాజు తెర ఎలా ఆరేదో లెక్కలతో అనుకరించడమే అక్కడ జరిగేది.

పాతది కొంటున్నారా?

ఇలాంటి సీఆర్ఓ సెకండ్ హ్యాండ్‌లో ఎదురైతే నాన్‌స్టోర్‌లో గీత బాగుందని మురిసిపోకండి. రైటింగ్ గన్ బాగున్నా స్టోరేజీ భాగం అలసిపోయి ఉండొచ్చు. పది పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి, స్టోర్ నొక్కి ఎరేజ్ చేయండి. మెరుపు తగ్గాక తెర అంతా ఒకే ఛాయలో ఉండాలి. మచ్చలు, పాత గీతల నీడలు, ఒక మూల మాత్రం ముందే వెలిగిపోవడం కనిపిస్తే ఆ గొట్టం చాలా పని చేసింది. తర్వాత సింగిల్ స్వీప్‌లో ఒక నిదానమైన అడ్డగీతను తెర పైన, నడుమ, కింద మూడుచోట్ల గీయించి, మూడూ తెగకుండా నిలిచాయో లేదో చూడండి. పది నిమిషాలు వదిలేసి మళ్లీ చూడండి. మూత విప్పి లోపల చేయి పెట్టే ఆలోచన మాత్రం వద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టేజి మిగిలి ఉంటుంది. ఆ పని తెలిసిన టెక్నీషియన్‌కే వదిలేయండి.